కోరంగి ఓడ ఎక్కినవాళ్ళ ఊరు

కువైట్‌లో, హవల్లీలో నేను సాంఘికశాస్త్రం చెప్పే బడిలో, ఎనిమిదో తరగతి పిల్లలకి మారిషస్ గురించి చెప్పడానికి నాకు పది నిమిషాలు చాలేవి. హిందూ మహాసముద్రంలో చిన్న ద్వీప దేశం. అగ్నిపర్వతం కక్కిన రాతి మీద ఏర్పడిన నేల. చెరకు, బట్టల ఫ్యాక్టరీలు, పర్యాటకం. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఏలారు. ఎగరలేని డోడో పక్షి అక్కడే ఉండేది, అంతరించిపోయింది. అంతే. పిల్లలకి డోడో ఒక్కటే గుర్తుండేది. ఏళ్ళ తరబడి అలాగే చెప్పాను. అందులో మనుషులు లేరన్న సంగతి నాకు ఎప్పుడూ తోచలేదు.

ఒక సెప్టెంబరులో, వేసవి సెలవుల తరవాత బడి తెరిచిన మొదటి వారంలో, ఆ దేశం నుంచే ఒకావిడ మాకు ఫ్రెంచి టీచరుగా వచ్చింది. నా వయసుదే, నలభై అయిదు దాటి ఉంటాయి. చామనఛాయ, పొట్టి జుట్టు, మెడలో సన్నటి గొలుసు. చూస్తే కాకినాడ బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిలా ఉంది. నోరు విప్పితే ఫ్రెంచి. హాజరు పుస్తకంలో ఆవిడ ఇంటిపేరు చూశాను, చివర 'డూ' అని ఉంది. తెల్లవాళ్ళ పేరేమో అనుకున్నాను, మన తెలుగు పేర్ల చివరి 'డు'యే అలా అయిందని తట్టలేదు.

స్టాఫ్‌రూములో టీ తాగుతుంటే నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో అడిగింది, "మీరు తెలుగువాళ్ళని చెప్పారు, నిజమేనా?"

"అవునండి, తూర్పు గోదావరి."

ఆవిడ, లోపల ఎక్కడో దాచిన వస్తువు తీస్తున్నట్టు, తెలుగులో అంది, "నాను కూడా తెలుగుదాన్నే."

నేను నవ్వాను. హేళన కాదు, ఆశ్చర్యం. కానీ ఆవిడకి తేడా ఎలా తెలుస్తుంది? ఆవిడ ముఖం కొద్దిగా ముడుచుకుంది. అప్పుడు గబగబా "రండి, కూర్చోండి" అన్నాను.

ఆ రోజే చెప్పింది. వాళ్ళ తాతల తాత చెరకు తోటల్లో కూలికి ఓడ ఎక్కాడట. బానిసత్వం రద్దయ్యాక తోటల దొరలకి మనుషులు కావలసి వచ్చారు. మన దేశం నుంచి ఒప్పంద కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని ఓడల్లో తీసుకుపోయారు. బీహారు నుంచి, తమిళనాడు నుంచి, మన తీరం నుంచి. "మమ్మల్ని అక్కడ చాలాకాలం కోరంగీలు అనేవాళ్ళు," అంది. "కోరంగి రేవు నుంచి వచ్చిన ఓడవాళ్ళని. కోరంగి మీకు తెలుసా?"

తెలియకేం. మా ఇంటికి దగ్గరే. మాకు కోరంగి అంటే మడ అడవి, చెక్క వంతెన, పడవ షికారు. మా పిల్లల్ని చిన్నప్పుడు ఆదివారాలు తీసుకెళ్ళేవాళ్ళం. అదే చెప్పాను ఆవిడతో. "పిక్నిక్‌కి బావుంటుంది," అన్నాను. ఆవిడ తల ఊపింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడాది మేం దగ్గరయ్యాం. ఆవిడ ఒక్కతే సాల్మియాలో చిన్న ఫ్లాట్‌లో ఉండేది. మేమూ సాల్మియాలోనే. బడి బస్సు దిగి సముద్రం ఒడ్డున కాస్త దూరం నడిచి ఇళ్ళకి పోయేవాళ్ళం. మాటలన్నీ ఇంగ్లీషులో. మధ్యలో తనకి వచ్చిన తెలుగు ముక్కలు వేసేది. వాళ్ళ నాయనమ్మ దగ్గర విన్నవి కొన్ని, అక్కడి బడిలో వారానికి రెండు గంటలు నేర్చుకున్నవి కొన్ని. "వాన వస్తాది" అనేది. "వస్తుంది" అని నేను దిద్దేదాన్ని. "నాను" అంటే "నేను" అనేదాన్ని. టీచరు బుద్ధి. ఆవిడ ఒప్పుకుని మళ్ళీ సరిగ్గా అనేది, కానీ తరవాత అయిదు నిమిషాలు తెలుగు జోలికి వచ్చేది కాదు.

మా బడిలో ఆయా ఒకావిడ ఉంది, కడప వైపు మనిషి. అంతకు ముందు ఇళ్ళల్లో పని చేసింది. పూచీ ఉండే యజమాని, కఫీల్, మారి, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం మార్చుకుని, బడిలో చేరింది. నేను దిద్దడం ఒకసారి విని గిన్నెలు కడుగుతూనే అంది, "అట్లనే అంటాము గదా టీచరమ్మా మేము గూడా. వస్తాది, పోతాది. దాంట్లో తప్పేముంది?"

ఫ్రెంచి టీచరు పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ జత కుదిరింది. విరామంలో వంటగది గుమ్మంలో నిలబడి, ఫ్రెంచి టీచరుకి వచ్చిన నలభై మాటలతోనే, ఇద్దరూ ఎంతసేపైనా కబుర్లు చెప్పుకునేవారు. "మీ నాయన బాగుండాడా?" అని ఆయా అడిగేది రోజూ. "బావున్నాడు, దగ్గు," అని ఈవిడ.

ఒక శుక్రవారం పొద్దున్నే షర్క్ చేపల మార్కెట్‌కి వెళ్ళాం ముగ్గురం, నేనూ మావారూ ఆవిడా. మావారు జుబైదీ చేప కోసం బేరం ఆడుతుంటే మేమిద్దరం వెనకవైపు పడవలు కట్టే గట్టు మీద కూర్చున్నాం. పాతకాలపు చెక్క పడవలు వరసగా ఉన్నాయి. చమురు పడక ముందు ఈ దేశం ముత్యాల మీద బతికిందని, ఇలాంటి పడవల మీదే మగవాళ్ళు నెలల తరబడి సముద్రంలో ఉండి మునిగి చిప్పలు తెచ్చేవాళ్ళని, జపాన్ వాళ్ళు ముత్యాలు పెంచడం మొదలుపెట్టాక ఆ బతుకు పోయిందని నేను పాఠం చెప్పినట్టు చెప్పాను.

"మాకు చెరకు అలాగే పోయింది," అంది ఆవిడ.

అప్పుడు మొదటిసారి తన దేశం గురించి నిదానంగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో చెరకు పొలాల మధ్య నల్లరాళ్ళ గుట్టలు ఉంటాయట, ఇల్లంత ఎత్తు. చెరకు నాటడానికి నేలలో ఉన్న రాళ్ళన్నీ మనుషులు చేతులతో ఏరి పోసినవి. "నా ముత్తాతలు కట్టిన కట్టడం ఏదీ అంటే అదే చూపిస్తాను," అంది. వాళ్ళ నాన్న చక్కెర మిల్లులో పని చేసేవాడు. యూరోపు వాళ్ళు ఎంతో కాలం మంచి ధరకి ఆ చక్కెర కొన్నారు, తరవాత ఆ ఒప్పందం తీసేశారు. చిన్న మిల్లులన్నీ మూసేసి ఒకటి రెండు పెద్ద మిల్లుల్లో కలిపేశారు. వాళ్ళ అమ్మ స్వెట్టర్లు అల్లే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పని చేసింది. జీవితంలో ఒక్కసారైనా స్వెట్టర్ అవసరం పడని ఊరు, ఆ ఊరి ఆడవాళ్ళందరూ యూరోపుకి స్వెట్టర్లు అల్లారు. అదీ మూతపడింది. ఇప్పుడు సముద్రం ఒడ్డంతా హోటళ్ళు. "మా చెల్లెలు హోటల్లో పక్కలు వేస్తుంది. నేను ఫ్రెంచి చెప్తాను. మా దేశంలో ఏది పండినా బయటివాళ్ళకే," అంది నవ్వుతూ.

ద్వీపం చుట్టూ పగడాల గట్టు ఉంటుందట. దాని మీద అలలు విరిగి, దూరం నుంచి తెల్లటి గీత గీసినట్టు కనపడుతుంది. గీతకి ఇవతల నీళ్ళు చెరువులా ఉంటాయి. వాళ్ళ నాయనమ్మ ఆ గీతని చూపించి, "అది దాటి వచ్చాం, మళ్ళీ దాటలేదు" అనేదట.

అప్పుడే సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసింది. అక్కడి పాత దస్తావేజుల కార్యాలయం నుంచి తెచ్చుకున్న నకలు. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరూ వయసూ తండ్రి పేరూ ఊరూ రాసుకున్నారు. గుర్తులు అన్నచోట 'ఎడమ మోకాలి కింద మచ్చ' అని ఇంగ్లీషులో ఉంది. కులం అన్నచోట 'జెంటూ' అని ఉంది.

"ఇదేం కులం?" అని అడిగింది.

"కులం కాదండి. తెల్లవాళ్ళు అప్పట్లో తెలుగువాళ్ళని అలా అనేవాళ్ళు."

"అయితే ఈ కాగితం మీద నాకు తెలిసింది ఒక్క మచ్చే," అంది.

ఊరి పేరు గుమస్తా తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. ఆవిడ దాన్ని ఫ్రెంచి పేరులా పలికేది. నేను రెండుసార్లు చూసి, అక్షరాలు కూడబలుక్కుని, ఒక్కసారిగా గుర్తుపట్టాను. మా అత్తవారి ఊరి నుంచి కారులో గంట కూడా పట్టదు. ఆ పేరు ఇక్కడ రాయను. తెలుగులో పలికి వినిపించాను.

ఆవిడ నా పెదాలకేసే చూసింది. తరవాత, "మళ్ళీ అనండి," అంది. అన్నాను. ఫోన్ తీసి రికార్డు చేసుకుని వాళ్ళ నాన్నకి పంపింది. కాసేపటికి ఆయన దగ్గర నుంచి జవాబు వచ్చింది. ముసలి గొంతు, దగ్గు, మధ్యలో ఆ ఊరి పేరు, నేను పలికినట్టే పలకడానికి మూడుసార్లు ప్రయత్నం. మూడోసారి సరిగ్గా వచ్చింది. ఆవిడ ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి. మావారు చేపల సంచితో వచ్చి మా ఇద్దర్నీ చూసి కొంచెం దూరంలో నిలబడ్డారు.

"మీరు సెలవులకి వెళ్ళినప్పుడు ఒక్కసారి ఆ ఊరు చూసి రాగలరా?" అని అడిగింది ఆవిడ. "మావాళ్ళలో ఎవరూ మళ్ళీ ఆ నేల మీద నిలబడలేదు. మీరు చూస్తే చాలు, మా నాన్నకి. ఏం కనపడిందో చెప్పండి, అంతే."

"అదెంత పనండీ," అన్నాను. నిజంగానే అదేం పెద్ద పని కాదు.

ఆ వేసవిలో ఇంటికి వెళ్ళాను. కాకినాడలో మా కొత్త ఫ్లాట్‌కి గచ్చు రాళ్ళు వేయిస్తున్నాం. మేస్త్రీ ఒకరోజు వస్తే రెండు రోజులు రాడు. ఎండలు. ఒకసారి కారు మాట్లాడాను, ఆ పొద్దున వాన పడింది, డ్రైవరు "రేపెల్దామండీ" అన్నాడు, నేనూ సరే అన్నాను. రేపు మళ్ళీ మేస్త్రీ. అడ్డం వచ్చినవి చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి, కానీ ఏదీ నిజమైన అడ్డం కాదు. కొన్ని మధ్యాహ్నాలు ఏ పనీ లేక నిద్రపోయాను. అది నాకు బాగా గుర్తుంది.

సెలవులు ఇంకో పది రోజుల్లో అయిపోతాయనగా ఆవిడ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. తను అప్పుడు మారిషస్‌లోనే ఉంది. నాన్నని ఆస్పత్రిలో చేర్చామని, ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయని, రోజూ ఒకటే అడుగుతున్నాడని. "వెళ్ళారా?"

భోజనం చేసి కూర్చున్నాను అప్పుడు. మధ్యాహ్నం మూడయి ఉంటుంది. లేదు, ఎల్లుండి వెళ్తాను అని రాయవచ్చు. లేచి ఆ క్షణమే ఆటో ఎక్కినా చీకటి పడేలోగా వెళ్ళి రావచ్చు. నేను 'వెళ్ళాను' అని రాశాను.

ఎందుకు అలా రాశానో ఎన్నిసార్లు ఆలోచించినా ఒకటే జవాబు. సిగ్గు. చిన్న పని చెప్తే చెయ్యలేదని ఒప్పుకోవడం, అబద్ధం చెప్పడం కన్నా కష్టమనిపించింది.

వెంటనే అడిగింది, "ఫోటో?"

నా ఫోన్‌లో మా అమ్మగారి ఊళ్ళో కాలవ ఒడ్డున రామాలయం ఫోటో ఉంది. వారం క్రితం తీసింది. పక్కన రెండు కొబ్బరి చెట్లు, మెట్ల మీద చెప్పులు. 'ఊళ్ళో గుడి' అని రాసి పంపాను.

ఆవిడ దాన్ని నాన్నకి చూపించింది. మళ్ళీ మెసేజ్. "మమ్మల్ని ఎవరైనా తలుచుకున్నారా అని అడుగుతున్నాడు." అక్కడైనా ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఒక ముసలాయన కనపడ్డాడని రాశాను. తన ముత్తాత తమ్ముడెవరో ఓడ ఎక్కి వెళ్ళి తిరిగి రాలేదని, అతని తల్లి బతికున్నంత కాలం కొడుకు పేరున దీపం పెట్టేదని ఇంట్లో చెప్పుకునేవారని ఆ ముసలాయన అన్నాడని రాశాను. రాసి నేనే రెండుసార్లు చదువుకున్నాను. అంత బాగా కుదిరింది అబద్ధం.

వారం తిరక్కుండా ఆయన పోయాడు.

సెప్టెంబరులో బడికి వచ్చాక ఆవిడ నన్ను కౌగిలించుకుని చాలాసేపు వదల్లేదు. వనిలా వేసిన టీ పొట్లం, వాళ్ళ ఊరి నల్ల చక్కెర తెచ్చి ఇచ్చింది. ఆ ఫోటో పెద్దది చేయించి నాన్న మంచానికి ఎదురుగా పెట్టామని, చివరి రోజుల్లో దాన్నే చూస్తూ ఉన్నాడని చెప్పింది. "దీపం సంగతి అందరికీ చెప్పాడు. నర్సులకి కూడా. మావాళ్ళు మమ్మల్ని అమ్ముకోలేదు, మాకోసం ఎదురుచూశారు అని," అంది.

నేను ఆ చక్కెర చాలాకాలం అల్మరాలో పైఅరలో ఉంచాను. వాడలేదు, పారెయ్యలేదు.

చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు నోటిదాకా వచ్చేది. మావారితో చెప్తే, "పోయినాయన సంతోషంగా పోయాడు కదా. ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు, ఆవిడ్ని బాధపెట్టడం తప్ప," అన్నారు. ఆ మాట నాకు కావలసిన మాటే కనక పట్టుకున్నాను.

ఆయాతో కూడా చెప్పాను ఒకరోజు, పిల్లలు వెళ్ళిపోయాక. ఆవిడ చీపురు పక్కన పెట్టి బెంచీ మీద కూర్చుంది.

"చెప్పేయండి టీచరమ్మా," అంది. "తిడతాది, ఏడుస్తాది, ఖలాస్. నేను మామా, అదే మా యజమానమ్మ ఇంట్లో ఉన్నప్పుడు గాజు గిన్నె ఒకటి పగలగొట్టి దాచిపెట్నా. ఆరు నెలలు భయపడి సచ్చినా. ఆమె తిడితే తిట్టనీ అని ముందే చెప్పేసి ఉంటే ఒక పూట అరుపులతో పోయేది."

"ఇది గిన్నె కాదు కదా."

"కాదు. అందుకే బిరీన చెప్పాల," అంది.

నేను చెప్పలేదు. ఆయా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఫ్రెంచి టీచరు నన్ను పొగుడుతున్నప్పుడల్లా లేచి వేరే పనికి పోయేది.

ఆ విద్యాసంవత్సరం చివర మా బడిలో ఫ్రెంచి తీసేశారు. చేరే పిల్లలు తక్కువయ్యారు. ఆవిడ ఒప్పందం పొడిగించలేదు. ఇఖామా రద్దు చేయించుకుని వెళ్ళిపోవాలి. సామాను సర్దుకుంటుంటే సాయానికి వెళ్ళాను. పుస్తకాలు అట్టపెట్టెల్లో పెడుతూ అంది, "వెళ్ళే దారిలో ఆ ఊరు చూసి పోదామనుకుంటున్నాను. కాకినాడ నుంచి బస్సు ఉంటుందా?"

నేను ఇంకో అట్టపెట్టె మడత విప్పాను. "ఇప్పుడు ఎండలండీ," అన్నాను. "దారి కూడా బాగోదు. ఒక్కరూ ఇబ్బంది పడతారు. చలికాలంలో రండి, నేను సెలవు పెట్టుకుని దగ్గరుండి తీసుకెళ్తాను."

ఆవిడ నా ముఖం కేసి కాసేపు చూసింది. "మీ ఇష్టం," అంది, తెలుగులో. ఈసారి దిద్దవలసిందేమీ లేదు ఆ మాటలో.

విమానాశ్రయానికి నేనూ ఆయా వెళ్ళాం. ఆయా ఆవిడ చేతిలో పసుపు కుంకుమ పొట్లం పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. నేను ఏడవలేకపోయాను. అప్పుడు కూడా సమయం ఉంది. లోపలికి వెళ్ళే గేటు దగ్గర పావుగంట నిలబడ్డాం.

జులైలో నేను ఇంటికి వెళ్ళాను. వెళ్ళిన మూడో రోజే కారు మాట్లాడుకుని, ఎవరికీ చెప్పకుండా, ఆ ఊరికి బయల్దేరాను. చలికాలంలో ఆవిడ వస్తే దారి తెలియాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కనీసం అబద్ధంలో కొంతైనా నిజం చేద్దామన్న ఆశ కూడా ఉంది. ఒక గుడి ఉండకపోతుందా, ఒక ముసలాయన ఉండకపోతాడా.

రోడ్డుకి ఇరుపక్కలా రొయ్యల చెరువులు. నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు. చెట్టన్నది లేదు. ఊరంటే ఒక వీధి, సునామీ తరవాత కట్టించిన డాబా ఇళ్ళు, వలల కుప్పలు. చివర టీ కొట్టు, దాని వెనక సముద్రం. అలలు ఒడ్డుని కోసేసి, విరిగిన గోడ ఒకటి ఇసకలో వాలిపోయి ఉంది.

టీ కొట్టు నడిపే ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. పాత ఊరు ఎక్కడని అడిగాను.

"అదిగోనమ్మా," అని నీళ్ళకేసి చెయ్యి చూపించింది. "ఆ పడవ ఉంది సూడు, దానికి అవతల. మా అత్తోరిల్లు అక్కడే. రెండుసార్లు ఎనక్కి జరిగి కట్టుకున్నాం."

"గుడి ఏదైనా ఉందా?"

ఆవిడ స్టవ్ తగ్గించి నాకేసి తేరిపార చూసింది. "నువ్వూ గుడి కోసమే వచ్చావేంటి? పోయిన నెలలో ఒకావిడొచ్చింది. జుట్టు పొట్టిగా, మన మనిషిలాగే ఉంది గానీ మాట తేడా. ఫోన్లో ఫోటో సూపించి ఈ గుడెక్కడని అడిగింది. ఇక్కడ గుడి లేదమ్మా, అమ్మోరి గట్టుంటే అదీ సముద్రంలో పోయింది అని సెప్పాం. కాలవే లేదు మాకు, కాలవొడ్డున గుడెక్కడిది?"

నాకు కూర్చోడానికి బల్ల చూపించింది. కూర్చున్నాను.

"ఏమంది?" అని అడిగాను.

"ఏమంటాది. ఓడెక్కి పోయినోళ్ళ సంగతి తెలిసినోళ్ళున్నారా అని అడిగింది. ఎవరికి తెలుస్తాదమ్మా అదంతా. ఎవరూ లేరన్నాం. కాసేపు అక్కడ ఇసకలో కూకుంది. మాయింట్లోనే అన్నం తింది. రెండ్రోజులుంది. మంచి మనిషి. నా కోడల్ని వల అల్లడం నేర్పమని కూకుంది. పోయేటప్పుడు సీసాలో ఉప్పునీళ్ళు పట్టుకెళ్ళింది."

ఎండలో చాలాసేపు ఆ బల్ల మీద ఉన్నాను. చూడాలనుకుంటే ఈ ఊళ్ళో చూడవలసింది ఉంది, చెప్పవలసింది ఉంది. ఊరు నీళ్ళ కింద ఉందని, ఆడవాళ్ళు 'వస్తాది' అంటారని, అడిగితే అన్నం పెడతారని. అది ఆయనకి సరిపోయేదేమో. ఆ దీపం అక్కర్లేకపోయేదేమో.

మర్నాడు పొద్దున ఆవిడకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడో రోజు ఎత్తింది.

"నేను ఆ ఊరు వెళ్ళొచ్చాను," అన్నాను. "నిన్న కాక మొన్న. మొదటిసారి." తరవాత అంతా చెప్పాను. ఏదీ దాచలేదు, సాకులు చెప్పలేదు. అవతల కుక్కర్ విజిల్, ఎవరో అక్కడి క్రియోల్ భాషలో మాట్లాడుకోవడం వినపడుతున్నాయి.

"తెలుసు," అంది చివరికి.

"నాకు ఎందుకు చెప్పలేదండీ?"

"ఏం చెప్పాలి? మా అమ్మ పొద్దున్నే ఆ ఫోటోకి పువ్వులు పెడుతుంది. మా చెల్లెలి పిల్లలకి దీపం కథ చెప్తుంది. నేను వచ్చినప్పటి నుంచి రోజూ వింటున్నాను. అమ్మకి చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాను. చెప్తే నాన్న చావు పాడవుతుంది. చెప్పకపోతే నేనూ మీతో కలిసినట్టే. మీరు నాకు మిగిల్చిన పని అది."

క్షమించమన్నాను. ఆ మాట నా నోట్లోనే చాలా చిన్నదిగా వినపడింది.

"వెళ్ళలేదని చెప్పి ఉంటే నాన్న ఏమనేవాడో తెలుసా?" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పర్లేదు, ఎండలు కదా, పాపం అనేవాడు. మీ మీద జాలిపడేవాడు. మా నాన్న అలాంటివాడు." తరవాత, "అమ్మ పిలుస్తోంది, ఉంటాను," అని పెట్టేసింది.

ఆ ఊరి ఫోటోలు పంపాను. సముద్రం, వాలిన గోడ, టీ కొట్టు, వలలు. ఆవిడ చూసినట్టు ఫోన్‌లో నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. పండగలకి నేను పంపే మెసేజ్‌లకీ రాదు. ఆయాతో మాత్రం మాట్లాడుతుందని తెలుసు. ఆయా ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పదు, నేను అడగను. ఒక్కసారి మాత్రం తనంతట తనే, "వాళ్ళమ్మకు ఇంగా చెప్పలేదంట," అని చెప్పి వెళ్ళిపోయింది.

కువైట్ నుంచి ఆ దేశానికి దుబాయిలో ఒక్కసారి విమానం మారితే చాలు. వెళ్ళి వాళ్ళమ్మ ముందు కూర్చుని, ఆ చెప్పవలసినదేదో నేనే చెప్పాలని, ఆ బరువు ఆవిడ మీద నుంచి తీసెయ్యాలని అనిపిస్తుంది. ఈ ఏడాది రెండుసార్లు టికెట్లు చూశాను. మొదటిసారి పరీక్షలు ఉన్నాయి. రెండోసారి మావారికి ఒంట్లో బాగోలేదు. ఇంకా కొనలేదు.